నవ్వు ఏ మాట మీద అతికిస్తున్నారో చూసుకోండి: తెలుగు వినోద చానళ్లకు బహిరంగ లేఖ

తెలుగు వినోద చానళ్ల కార్యక్రమ విభాగాల అధిపతులకు, కామెడీ షోల నిర్మాతలకు, ఎడిటింగ్ గదుల్లో కూర్చునే మా తోటి పనివాళ్లకు,

నమస్కారం.

విషయం: కామెడీ షోలలో అతికించిన నవ్వులు, బలవంతపు నవ్వులు, వాటి వల్ల మామూలు జనానికి జరుగుతున్న నష్టం.

మేం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సౌండ్ ఆపరేటింగ్, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లం, నాటకాలు, బుర్రకథలు ఆడేవాళ్లం కొందరం. ఇదే విషయం మీద నిరుడు ఒక చానల్‌కు రెండు ఫిర్యాదులు పంపాం. మొదటిదానికి "మీ ఆదరణకు ధన్యవాదాలు" అని యంత్రం కొట్టిన జవాబొకటి వచ్చింది. రెండోదానికి అదీ రాలేదు. ఆ చానల్ పేరు ఇక్కడ రాయడం లేదు. అన్నిచోట్లా ఇదే తంతు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాం.

మీ షోల వల్ల మా జిల్లాల కుర్రాళ్లు కొందరు నాలుగు డబ్బులు చూశారు, పేరు తెచ్చుకున్నారు. కాదనం. ఇక అసలు సంగతికి వస్తాం.

అతుకు ఎలా పడుతుందో ముందు చెప్పాలి. చూసే జనంలో చాలామందికి ఇది తెలీదు.

స్కిట్ రికార్డయ్యాక ఎడిటర్ ముందున్న టైమ్‌లైన్ మీద ఆడియో వరసలు నాలుగైదు ఉంటాయి. పైన నటుల కాలర్ మైకులు. దాని కింద జనం వైపు పెట్టిన మైకులు. తర్వాత సంగీతం, పంచ్ పడ్డప్పుడు కొట్టే చప్పుళ్లు. అడుగున నవ్వుల వరస. ఈ చివరి వరసలోకి సరుకు ఒక ఫోల్డర్ నుంచి వస్తుంది: చిన్న నవ్వు, మధ్యరకం, పగలబడి నవ్వడం, చప్పట్లు కలిసిన నవ్వు, ఈలలు. ఒక్కో ముక్క 2 నుంచి 5 సెకన్లు. ఎడిటర్ పంచ్ దగ్గర ఆపి, ముక్క లాగి పెట్టి, రెండు చివర్లా ఫేడ్ ఇచ్చి, అంటే మెల్లగా లేచి మెల్లగా ఆరేలా చేసి, ముందుకు పోతాడు. చెయ్యి తిరిగినవాడికి అర నిమిషం పని.

ఈ విద్య కొత్తదేం కాదు. అమెరికాలో 1950లోనే ఒక టీవీ షోకి రికార్డు నవ్వు కలిపారు. ఆ తర్వాత అక్కడి సీబీఎస్ చానల్‌లో పనిచేసిన చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీరు నవ్వుల పెట్టె ఒకటి కట్టాడు. 32 టేపు చుట్టలు, చుట్టకు 10 నవ్వులు, మొత్తం 320. టైపు మిషన్ లాంటి మీటలు నొక్కి, కాలి పెడల్‌తో హెచ్చుతగ్గులు చేసేవాడు. ఆయన పెట్టెలో 320 ఉంటే మన షోలలో వారం వారం వినేవాళ్లకి పది పదిహేను నవ్వులు కంఠతా వచ్చేశాయి. చివర్లో కీచుమనే ఆ ఆడగొంతును గుర్తుపట్టని ఇల్లు మా వైపు లేదు.

సెట్టులో జనం ఉన్నారు కదా, వాళ్ల నవ్వే వాడొచ్చుగా అని ఎవరైనా అడుగుతారు. వాడొచ్చు. వాడకపోవడానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి, స్పీకర్లు. నటుల మాట జనానికి వినపడాలని సెట్టులో స్పీకర్లు పెడతారు. ఆ స్పీకర్ల మాటే మళ్లీ జనం మైకుల్లోకి దూరుతుంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి 10 మీటర్ల అవతలున్న మైకుకి మాట సుమారు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. కాలర్ మైకు మాటా, వెనకే ఈ ఆలస్యపు మాటా కలిస్తే నటుడు బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. దీనికి మందు ఉంది. రెండు పెద్ద స్పీకర్లకు బదులు చిన్నవి ఎక్కువ పెట్టి, జనానికి దగ్గరగా, తక్కువ వాల్యూమ్‌లో నడపాలి. జనం మైకులు కార్డియాయిడ్ రకం (ముందు వైపు శబ్దం బాగా, వెనక వైపుది తక్కువగా తీసుకునేవి) తీసుకుని, వాటి వీపు స్పీకర్ల వైపు తిప్పి, తలలకు రెండు మూడు మీటర్ల పైన వేలాడదీయాలి. మిక్సింగ్‌లో ఆ ట్రాక్‌ను నవ్వు వచ్చే చోట మాత్రమే తెరవాలి. షూటింగుకి ముందు గంటా రెండు గంటల పని. ఆ గంట ఖర్చెందుకని జనం మైకుల ఫేడర్ (శబ్దం హెచ్చుతగ్గులు చేసే మీట) దించేసి ఫోల్డర్ తెరుస్తున్నారు.

రెండు, రీటేకులు. ఒకే పంచ్‌ను మూడోసారి విన్న మనిషి నవ్వడు. నవ్వకపోవడం వాళ్ల తప్పు కాదు, మొదటి టేకులో వచ్చిన నవ్వును దాచుకోకపోవడం మన తప్పు.

బొమ్మ సంగతి కూడా అంతే. జడ్జీ పొట్ట పట్టుకుని వెనక్కి వాలే షాటు, కళ్లు తుడుచుకునే షాటు చాలాసార్లు ఆ పంచ్‌వి కావు, కొన్నిసార్లు ఆ స్కిట్‌వే కావు. బల్ల మీద గ్లాసు చూడండి. ముందు షాటులో సగం ఉన్న నీళ్లు నవ్వే షాటులో నిండుగా ఉంటాయి, ఆ తర్వాత మళ్లీ సగం. జనం వైపు వేసే షాటులో అందరూ ఒకేసారి నవ్వు మొదలుపెట్టి ఒకేసారి ఆపుతారు. నిజం జనం అలా నవ్వరు. పంచ్ పడ్డాక ఒక చిన్న ఖాళీ ఉంటుంది, ముందు వరసలో ఎవరో మొదలెడతారు, వెనక్కి పాకుతుంది, పొంగుతుంది, అక్కడక్కడా ఆరుతుంది, అంతా అయ్యాక ఆలస్యంగా అర్థమైన ఒకడు ఒంటరిగా నవ్వుతాడు. వాడి నవ్వుకి మళ్లీ పదిమంది నవ్వుతారు. ఆ ఒంటరి నవ్వు ఏ ఫోల్డర్‌లోనూ దొరకదు.

అతికించిన నవ్వు పనిచెయ్యదని మేం అనడం లేదు. పనిచేస్తుంది, అదే భయం. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2019లో నాసిరకం జోకులు 40 తీసుకుని వాటికి నవ్వులు కలిపి వినిపించారు. నవ్వు కలిపితే అదే జోకు ఎక్కువ నవ్వొచ్చేదిగా తోచింది. నిజమైన నవ్వు కలిపితే నటన నవ్వు కంటే ఇంకా ఎక్కువ. అంటే మీరు ఏ మాట తర్వాత నవ్వు పెడితే ఆ మాట నవ్వదగ్గదని చూసేవాడి బుర్ర ఒప్పేసుకుంటుంది. ఇంత బలమున్న పనిముట్టును ఎక్కడ పెడుతున్నారన్నదే మా ఫిర్యాదు.

జనానికి జరుగుతున్నది ఇదీ:

1. మా మాట మీద నవ్వు పెడుతున్నారు.

స్కిట్‌లో మా వైపు మనిషి వేషం ఒకటి వస్తుంది. చీర ఎగదోపుకున్న ఆవిడ పక్కింటి పిల్లని పిలుస్తుంది: "ఓలే, బేగి రాయే, ఏటి సేత్తన్నావక్కడ?" వెంటనే ఫోల్డర్ నవ్వు, పెద్దది, చప్పట్లతో. ఈ వాక్యంలో జోకు ఎక్కడుంది? ఒకావిడ ఇంకొకామెని తొందరగా రమ్మంది, అంతే. ఇదే వాక్యాన్ని "అమ్మాయ్, త్వరగా రావే, ఏం చేస్తున్నావక్కడ?" అని మార్చి, అదే నవ్వు పెట్టి చూడండి. ఎడిటర్‌కే ఎబ్బెట్టుగా ఉండి తీసేస్తాడు. అంటే మొదటిసారి నవ్వు పడింది 'ఏటి' మీద, 'బేగి' మీద.

ఇలా మాట మార్చి చూడటాన్ని ఒక పరీక్షగా పెట్టుకోమని ఎడిటర్లకు మా విన్నపం. నవ్వు పెట్టే ముందు ఆ వాక్యాన్ని పుస్తకం తెలుగులో ఒకసారి అనుకోండి. జోకు మిగిలితే నవ్వు పెట్టండి. జోకు మాయమైపోతే అక్కడ నవ్వు పెట్టకండి.

దీని దెబ్బ ఎవరికి తగులుతుందో కూడా చెప్పాలి. సోంపేట నుంచో, చీపురుపల్లి నుంచో ఇంటర్ చదవడానికి విజయవాడ, హైదరాబాద్ హాస్టళ్లకు వెళ్లిన పిల్లలకి. 'ఏటి' అనగానే గదిలో ఎవరో ఒకరు మీ షో నవ్వే నవ్వుతారు, ఆ కీచు గొంతుతో సహా. వారం తిరక్కుండా ఆ పిల్ల మాట తగ్గించేస్తుంది. క్లాసులో అర్థం కాకపోయినా లేచి అడగదు. అమ్మతో ఫోన్ మాట్లాడాలంటే గదిలో మాట్లాడదు, మెట్ల మీదకి పోతుంది. కూలి పనికి వలస వెళ్లినవాళ్లవీ ఇవే పాట్లు. మేస్త్రీ దగ్గర కూలి లెక్క తేడా వచ్చినా గట్టిగా అడగలేరు, నోరు విప్పితే ముందు యాస మీద నవ్వుతారు కాబట్టి.

యాసతో హాస్యం వద్దనడం లేదు. గురజాడ నాటకం కన్యాశుల్కం 1892లో తొలిసారి ఆడింది విజయనగరంలోనే. జనం మాట్లాడే మాటల్లోనే ఉంటుంది. కానీ అందులో నవ్వు పడేది గిరీశం ఇంగ్లీషు డాబు మీద, పిల్లల్ని అమ్ముకునే పెద్దమనుషుల దురాశ మీద. మాట్లాడే తీరు మీద కాదు. మీ రచయితలకు ఈ తేడా తెలీదని మేం అనుకోవడం లేదు.

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్, 1994లో 6వ రూలు ప్రసారాల నియమావళి. భాషా సమూహాలను, ప్రాంతాలవాళ్లను వెటకారంగా, చులకనగా చూపే దృశ్యాలు, మాటలు ఉండకూడదని అందులో రాసి ఉంది. మాట రాసింది రచయిత అయినా దాన్ని వెటకారంగా మార్చింది నవ్వు. కాబట్టి నవ్వు కూడా నియమావళి కిందికే వస్తుందని మా వాదన.

2. ముసలివాళ్లకు మాట వినపడటం లేదు.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి కీచుగా, సన్నగా ఉండే హెచ్చు స్థాయి శబ్దాలు. స, చ, ట లాంటి హల్లులను విడదీసి చెప్పే శబ్దం ఎక్కువగా 2000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. చప్పట్లు కలిసిన నవ్వు సరిగ్గా ఆ మేరంతా కప్పేస్తుంది. దానికి తోడు నవ్వును కంప్రెసర్‌లో (హెచ్చుతగ్గులను దగ్గర చేసే పరికరంలో) నలిపి, మాట కంటే పైకి ఎత్తుతున్నారు. 6 డెసిబెల్స్ పైకెత్తితే శబ్ద పీడనం రెట్టింపు అవుతుంది. ఇంట్లో టీవీ స్పీకర్లు చిన్నవి, వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి. ఫలితం: తాతకు నవ్వు మోత వినపడుతుంది, దేనికి నవ్వారో వినపడదు. రిమోట్ తీసుకుని వాల్యూమ్ పెంచుతాడు, నవ్వు ఇంకా మోగుతుంది, పక్క గదిలో చదువుకునే మనవడు అరుస్తాడు. ఇదంతా ఫేడర్ కాస్త దించితే పోయే జబ్బు.

3. దెబ్బకి, రంగుకి, అవిటితనానికి నవ్వు పెడుతున్నారు.

పెళ్లాం చెంప పగిలితే నవ్వు. నల్లటి పిల్ల పెళ్లిచూపులకు వస్తే నవ్వు. నత్తి మాటకు నవ్వు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 92వ సెక్షన్ వికలాంగుణ్ణి పదిమందిలో కావాలని అవమానించడాన్ని నేరం చేసింది. 2024 జులైలో సుప్రీంకోర్టు వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవాళ్లను తక్కువ చేసే హాస్యం వేరు అని తేల్చి చెప్పింది. ఆ రెంటి మధ్య గీత చాలాసార్లు నవ్వు పెట్టిన చోటే తెలిసిపోతుంది. నత్తి ఉన్న పాత్ర ఎదుటివాణ్ణి చిత్తు చేశాక నవ్వు పడితే ఒక సంగతి. వాడు 'క..క..క' అనగానే నవ్వు పడితే ఇంకో సంగతి.

4. నవ్వడానికి తెచ్చిన మనుషులు.

సెట్టులో కూర్చునేవాళ్లలో చాలామందిని కో-ఆర్డినేటర్లు తీసుకొస్తారు. చదువుకునే పిల్లలు, పనిలేని రోజున వచ్చిన ఆడవాళ్లు. ఫ్లోర్ మేనేజర్ చెయ్యి ఎత్తితే నవ్వాలి, దించితే ఆపాలి. లైట్ల వేడిలో గంటల తరబడి. నోటి మూలలను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుందిగానీ కంటి చుట్టూ ఉండేది అంత తేలిగ్గా వినదని ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లోనే రాశాడు. మీ క్లోజప్పుల్లో పళ్లు కనపడుతున్నాయి, కళ్లు మాత్రం భోజనాల బండి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాయి. ఆ మనుషుల తప్పేం లేదు. అంతసేపు గట్టిగా తెచ్చిపెట్టుకుని నవ్వితే గొంతు బొంగురుపోతుంది. మంచినీళ్లకి, బాత్రూముకి లేవాలన్నా అనుమతి అడగాలి.

5. ఆడేవాళ్ల టైమింగ్ పోతోంది.

బుర్రకథలో హాస్య వంత (కథకుడి పక్కన నిలబడి నవ్వించేవాడు) ఒక మాట వేసి, చేతిలోని గుమ్మెట వాద్యం మీద ఒక దెబ్బ కొట్టి ఆగుతాడు. ఎంతసేపు ఆగాలన్నది జనం చెబుతారు. రాజాంలో ఒక లెక్క, పలాసలో ఇంకో లెక్క. నవ్వు శిఖరం దాటి దిగుతుండగా తర్వాతి మాట అందుకోవాలి. పూర్తిగా ఆరేదాకా ఆగితే కథ చప్పబడుతుంది. అతికించే షోలో నటుడికి ఆ ఆగడం అక్కర్లేదు. గడగడా చెప్పేసి పోతాడు, ఖాళీ ఎడిటర్ చూసుకుంటాడు. దాన్నే చూసి పెరిగిన కుర్రాళ్లు వేదికెక్కి నవ్వు రాకపోతే బెదిరిపోయి గొంతు పెంచుతున్నారు. ఇప్పుడు పండగల్లో కార్యక్రమం పెట్టించేవాళ్లు కూడా ప్యాడ్స్ వాయించేవాణ్ణి పిలిచి "పంచ్ పడ్డప్పుడల్లా నవ్వు కొట్టు" అంటున్నారు. ఎదురుగా రెండు వందలమంది కూర్చుని ఉండగా! రాసేవాడికీ ఇదే గతి. బలహీనమైన పంచ్‌ను తిరగరాయమని ఎవరూ అడగరు, నవ్వు వేసేస్తారు.

మేం అడుగుతున్నవి:

1. రికార్డు నవ్వు కలిపిన ప్రతి ఎపిసోడ్ మొదట్లో "ఈ కార్యక్రమంలో రికార్డు చేసిన నవ్వులు కలిపాం" అని తెలుగులో, చదవగలిగే సైజులో, కనీసం 5 సెకన్లు వేయండి.

2. యాస మాట మీద, వైకల్యం మీద, ఒంటి రంగు మీద, దెబ్బ మీద నవ్వు అతికించడం ఆపండి. ఇది జరగని పని కాదు. 1972 నుంచి 1983 దాకా నడిచిన, యుద్ధంలో ఆసుపత్రి కథ అయిన మాష్ అనే అమెరికన్ కామెడీ సీరియల్‌లో చానల్ పట్టుబట్టి నవ్వు కలిపించినా ఆపరేషన్ గది దృశ్యాల్లో మాత్రం కలపలేదు. బ్రిటన్‌లో అదే సీరియల్ నవ్వు లేకుండానే వేశారు.

3. మాట నడుస్తున్నంతసేపూ నవ్వు మాట కంటే కనీసం 10 డెసిబెల్స్ కింద ఉండాలి. ఖాళీలో కూడా మాట స్థాయిని దాటకూడదు. తర్వాతి మాట మొదలయ్యే 200 మిల్లీసెకన్ల ముందే దిగిపోవాలి. సైడ్‌చెయిన్ (మాట రాగానే నవ్వును తనంతట తనే తగ్గించే ఏర్పాటు) పెడితే ఇది యంత్రమే చేసుకుంటుంది, మనిషి కూర్చోనక్కర్లేదు.

4. మొదటి టేకు జనం ట్రాక్‌ను పారేయకుండా దాచండి. నవ్వు కావాలంటే ముందు అందులో వెతకండి. జడ్జీల, జనం రియాక్షన్ షాట్లు ఆ స్కిట్‌వే, ఆ టేకువే అయి ఉండాలి.

5. మీ యాప్‌లలో నవ్వు లేని ఆడియోను రెండో ట్రాక్‌గా ఇవ్వండి. నవ్వుల వరస టైమ్‌లైన్‌లో విడిగానే ఉంటుంది కాబట్టి దాన్ని మ్యూట్ చేసి ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ కొట్టడమే.

6. నవ్వడానికి పిలిచినవాళ్లకు కూలి ఎంతో, ఎన్ని గంటలో కాగితం మీద రాసివ్వండి. గంటన్నరకొకసారి విరామం, మంచినీళ్లు, రాత్రి షూటింగ్ అయితే ఆడవాళ్లను ఇంటిదాకా దింపే బండి.

7. ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, చిరునామా ప్రతి ఎపిసోడ్ చివర తెలుగులో వేయండి. 2021 జూన్‌లో సవరించిన కేబుల్ టెలివిజన్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. 'ఆదరణకు ధన్యవాదాలు' నిర్ణయం కిందికి రాదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే అవే రూల్స్ ప్రకారం చానళ్ల స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేస్తాం. ఏ ఎపిసోడ్‌లో ఎన్నో నిమిషంలో ఏ మాట మీద నవ్వు పడిందో పట్టిక తయారుగా ఉంది.

ఇంకొకటి. మా మాట మీద నమ్మకం లేకపోతే మీ స్కిట్ ఏదైనా ఒకటి, 10 నిమిషాలది, ముడి ట్రాకులతో సహా ఇవ్వండి. జనం నవ్వుతో ఒకటి, మీ ఫోల్డర్ నవ్వుతో ఒకటి, రెండు రకాలుగా మిక్స్ చేసి తెస్తాం. డబ్బులొద్దు. రెండూ ముందు మీ ఆఫీసులో వేసుకోండి, తర్వాత పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల దగ్గర వేయండి. అక్కడ నవ్వు ఎక్కడ పడుతుందో మైకు పెట్టి మేమే రికార్డు చేసిస్తాం.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సౌండ్ ఆపరేటర్లు, ఎడిటర్లు, రంగస్థల, బుర్రకథ కళాకారులు కొందరు